ఆ తరగతిలో మనవాళ్ళు లేరు, సరే. అప్పు సంగతి చూశారా?

ప్రశ్న: మేము కాన్సస్ రాష్ట్రంలోని ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో ఉంటున్నాం. సొంత ఊరు తెనాలి. మా అమ్మాయి కినీషియాలజీలో (శరీర కదలికల శాస్త్రంలో) డిగ్రీ పూర్తి చేస్తోంది. మెడిసిన్‌కు వెళ్తుందని ఆశపడ్డాం. ఇప్పుడు కైరోప్రాక్టిక్ డాక్టరేట్, అంటే వెన్నెముకను చేత్తో సర్దే చికిత్సలో డాక్టరేట్, చేస్తానని పట్టుబట్టింది. పక్క రాష్ట్రంలో ఒక కళాశాల చూడటానికి వెళ్ళాం. అంతా తెల్లవాళ్ళ పిల్లలే, అందులోనూ మగపిల్లలే ఎక్కువ. భారతీయుల ముఖాలు ఒకటో రెండో. మనవాళ్ళెవరూ లేనిచోట ఆడపిల్ల ఎలా నెగ్గుకొస్తుంది? మనవాళ్ళు తక్కువ కాబట్టి సీటుకో స్కాలర్‌షిప్‌కో ఏమైనా కలిసివస్తుందా? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏం చదివిందని చెప్పాలి? దీనికన్నా ఫిజికల్ థెరపీ డాక్టరేట్ మేలంటున్నారు. రెండూ పోల్చి చెప్పగలరు. – ఒక తల్లి

జవాబు:

అమ్మా, మనవాళ్ళు లేరని భయం, లేరు కాబట్టి ఏమైనా లాభముంటుందేమోనని ఆశ, రెండూ ఒకే ఉత్తరంలో రాశారు. ఆశకు జవాబు చిన్నది, ముందు అది చెప్పేస్తాను. 2023 జూన్‌లో హార్వర్డ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, ప్రవేశాల్లో జాతిని చూసి మొగ్గు చూపే పద్ధతికి తెర పడింది. పైగా కైరోప్రాక్టిక్‌లో సీటు కోసం అలాంటి మొగ్గు ఎవరికీ అక్కర్లేదు. సీటు తేలిగ్గానే వస్తుంది. ఎందుకు తేలికో కిందకు వచ్చాక చెబుతాను, విని మీరు సంతోషించరు.

ఇక భయం. చదువు పేరు మారుతుందే తప్ప ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. ఆప్టోమెట్రీ అన్నా, స్పీచ్ థెరపీ అన్నా, ఆఖరికి పశువైద్యం అన్నా తల్లిదండ్రులు మొదట అడిగేది అక్కడ మనవాళ్ళు ఉన్నారా అనే. కంప్యూటర్ సైన్స్‌కు పంపేటప్పుడు మాత్రం ఎవరూ అడగరు, అక్కడ ఎలాగూ ఉంటారు కాబట్టి.

మీరు చూసింది అబద్ధం కాదు. ఈ వృత్తికి లైసెన్సు పరీక్షలు జరిపే జాతీయ బోర్డు కొన్నేళ్ళకోసారి ప్రాక్టీసులో ఉన్నవారి వివరాలు సేకరిస్తుంది. అందులో చాలా పెద్ద భాగం శ్వేతజాతీయులే, మూడింట రెండు వంతుల మంది మగవారే. అయితే అది ముప్పై నలభై ఏళ్ళ క్రితం చదివి బయటికి వచ్చినవారిని కూడా కలిపిన లెక్క. ఇప్పటి తరగతి గదుల్లో అమ్మాయిల సంఖ్య ఇంతకంటే బాగా ఎక్కువ. కాలిఫోర్నియాలోని కళాశాలలకు వెళ్తే ఆసియా, లాటినో పిల్లలు కళ్ళకు కనిపించేంతగా ఉంటారు. మీరు వెళ్ళింది మధ్య పశ్చిమ రాష్ట్రాల్లోని ఒక కళాశాలకు, అదీ ఒక్క పూట. దాన్ని బట్టి మొత్తం వృత్తికి ముద్ర వేయకండి.

ఈ వృత్తి చరిత్ర మీద కూడా నాకు మోజు లేదు. 1895 సెప్టెంబర్‌లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ అనే అయస్కాంత చికిత్సకుడు, ఆ భవనంలో పారిశుద్ధ్య పని చేసే హార్వీ లిల్లార్డ్ వెన్ను నొక్కి, పోయిన వినికిడి తెప్పించానని చెప్పుకున్నాడు. కైరోప్రాక్టిక్ పుట్టుక కథ అదే. వినికిడి నాడి మెదడు నుంచి నేరుగా చెవికి వెళ్తుంది, వెన్నుపాముతో దానికి పని లేదు. అందువల్ల ఆ కథను నేను నమ్మను. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మరొకటి. లిల్లార్డ్ నల్లజాతి మనిషి. 1897లో పామర్ పెట్టిన పాఠశాల ఆ తర్వాత దశాబ్దాలపాటు నల్లజాతి విద్యార్థులను చేర్చుకోలేదు. తొలి రోగి ఆ జాతివాడు, ఆ జాతి పిల్లలకు మాత్రం బడిలో చోటు లేదు. ఆడవాళ్ళను మొదటి నుంచీ రానిచ్చారు. పామర్ కోడలు మేబెల్ హీత్ పామర్ 1905లో పట్టా పుచ్చుకుని అక్కడే అనాటమీ బోధించారు. మీ అమ్మాయి ఆడపిల్ల కావడం ఈ వృత్తికి వింత కాదు.

మరి మనవాళ్ళు ఎందుకు లేరు? మనల్ని ఎవరూ ఆపలేదు. ఈ చదువుకు వచ్చే పిల్లల్లో ఎక్కువ మంది చిన్నప్పుడు తామే రోగులుగా వెళ్ళినవారో, ఇంట్లో ఒక కైరోప్రాక్టర్ ఉన్నవారో అయి ఉంటారు. ఫుట్‌బాల్ ఆడి నడుము పట్టేస్తే ఊళ్ళోని కైరోప్రాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళే కుటుంబాలు వాళ్ళవి. మన ఇళ్ళలో ఆ అలవాటు లేదు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు, నడుము పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళతో తన్నించుకోవడం మన పద్ధతి. అమెరికా వచ్చాక ఫిజికల్ థెరపీ, ఆర్థోపెడిక్ డాక్టరు. చూడని వృత్తిలోకి పిల్లలు వెళ్ళరు.

దీనికి ఇంకో కారణం డబ్బు, అది మీరు శ్రద్ధగా వినవలసిన విషయం. వైద్య సంఘం కైరోప్రాక్టర్లను దశాబ్దాలపాటు వెలివేసింది. 1976లో కొందరు కైరోప్రాక్టర్లు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ మీద దావా వేస్తే, ఆ సంఘం చట్టవిరుద్ధంగా కుట్ర చేసిందని 1987లో జడ్జి సుసాన్ గెట్జెండానర్ తీర్పు చెప్పారు. అప్పటికే ఈ కళాశాలలు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల నీడ లేకుండా, సొంత బోధనాసుపత్రులు లేకుండా, విద్యార్థుల ఫీజుల మీదే పెరిగాయి. ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఈ కళాశాల పెట్టాలని ఆ రాష్ట్ర శాసనసభ నిధులు కూడా కేటాయించింది. అధ్యాపకులు తిరగబడ్డారు, 2005 జనవరిలో రాష్ట్ర విశ్వవిద్యాలయాల బోర్డు ఆ ప్రతిపాదనను తోసిపుచ్చింది. ఇటీవలే పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం లాంటి పెద్ద పరిశోధన సంస్థ ఈ కోర్సు మొదలుపెట్టింది, అది మంచి మార్పు. కానీ ఇన్నాళ్ళూ రాష్ట్ర ఫీజు రాయితీ లేదు, చెప్పుకోదగ్గ స్కాలర్‌షిప్ నిధులు లేవు. డబ్బు లేని కుటుంబం నుంచి వచ్చిన పిల్లలు పూర్తిగా అప్పు మీదే చదవాలి. నల్లజాతి, లాటినో పిల్లలు ఈ తరగతుల్లో తక్కువగా ఉండటానికి పాత వివక్ష ఒక కారణమైతే ఇది ఇంకొకటి.

ఇప్పుడు మీరు ఉత్తరంలో రాయని భయం దగ్గరికి వస్తాను. ఇలాంటి తల్లులతో ఫోనులో మాట్లాడుతుంటే చివర్లో గొంతు తగ్గించి అడుగుతారు: అక్కడ పిల్లలు ఒకరి మీద ఒకరు చేతులు వేసి నేర్చుకుంటారట కదా? అవును, అలాగే నేర్చుకుంటారు. మొదటి ఏడాది నుంచే పాల్పేషన్, అంటే ఒంటిని చేత్తో తడిమి పరీక్షించే, తరగతులు ఉంటాయి. వీపు తెరిచి ఉండే గౌను వేసుకుని బల్ల మీద బోర్లా పడుకోవాలి, సహవిద్యార్థి వెన్నుపూసలు ఒక్కొక్కటీ వేళ్ళతో వెతికి పట్టుకోవాలి, ఆ తర్వాత వంతు మారాలి. ఫిజికల్ థెరపీలోనూ ఇదే పద్ధతి కాబట్టి అక్కడికి పంపినా ఈ భయం తప్పదు. అధ్యాపకులు గదిలోనే ఉంటారు. అభ్యంతరం ఉన్నవారు అమ్మాయిలతోనే జత కట్టే వీలుందా అని ముందే అడగవచ్చు. హిజాబ్ వేసుకునే విద్యార్థినులకు ఇలాంటి ఏర్పాటు చేసే కళాశాలలు ఉన్నాయి. అడగడంలో సిగ్గుపడవలసింది లేదు. ఆ అడిగేది మాత్రం మీ అమ్మాయి, మీరు కాదు.

విద్యార్థుల్లో వైవిధ్యం ఎందుకు కావాలో కూడా ఆ గదిలోనే తెలుస్తుంది. నాలుగేళ్ళూ ఇరవై ఏళ్ళ వయసు ఆటగాళ్ళ వీపుల మీదే చెయ్యి తిప్పినవారికి, రేపు క్లినిక్‌లో అరవై ఏళ్ళ లావుపాటి మనిషి వస్తే వేలికి పూస తగలదు. నల్లని చర్మం మీద కమిలిన ఎరుపు ఎలా కనిపిస్తుందో తెల్లని చర్మం మీద నేర్చుకోలేరు. రకరకాల ఒళ్ళు, వయసులు, చర్మాలు, సిగ్గులు ఉన్న తరగతిలో చదివిన చేతికి పని బాగా వస్తుంది. మీ అమ్మాయి ఒక్కతే భారతీయురాలైతే ఆ తరగతికి ఆమె అవసరం ఉంది. రేపు మీ ఊళ్ళో ఆరు నెలలు ఉండటానికి వచ్చిన అమ్మమ్మలకు, తాతయ్యలకు నడుము నొప్పి వస్తే, ‘పీకుతోంది, లాగుతోంది, తిమ్మిరెక్కుతోంది’ అనే మూడింటి మధ్య తేడా తెలిసిన మనిషి ఎదురుగా ఉండటం మామూలు విషయం కాదు. ఒంటరితనం మొదటి సెమిస్టర్‌లో ఉంటుంది, నిజమే. అనాటమీ పరీక్షలు మీద పడ్డాక చదువుకునే గుంపులు వాటంతట అవే కడతాయి. కాన్సస్‌లో పుట్టి పెరిగిన పిల్ల ఆమె. ‘మనవాళ్ళు’ అనే మాటకు మీకున్న అర్థం ఆమెకు ఉండకపోవచ్చు.

ఇక మీరు అస్సలు అడగని విషయం. తరగతిలో ఎవరి ముఖం ఏ రంగో లెక్కపెట్టారు. కోర్సుకు ఎంతవుతుందో, ఎవరు కడతారో, తిరిగి ఎన్నేళ్ళలో తీరుతుందో ఒక్క ముక్క రాయలేదు. సంబంధాల బెంగ మాత్రం రాశారు. అమ్మా, కోపం తెచ్చుకోకండి, ఇరవై రెండేళ్ళ పిల్ల రెండు లక్షల డాలర్ల అప్పు మీద సంతకం పెట్టబోతుంటే పెళ్ళిచూపుల్లో ఏం చెప్పాలా అని ఆలోచించే తీరిక మీకెలా దొరికింది?

సీటు తేలిక అన్నాను కదా. ఈ కళాశాలలకు గుర్తింపునిచ్చే మండలి నిబంధన ప్రకారం 90 సెమిస్టర్ క్రెడిట్లు, 3.0 జీపీఏ ఉంటే దరఖాస్తుకు చాలు. అంతకన్నా తక్కువున్నవారికి ప్రత్యామ్నాయ మార్గమూ ఉంది. ఫీజుల మీద బతికే కళాశాలకు తరగతి నిండటం ముఖ్యం. ఈ వెసులుబాటు వల్ల, వేరే దారి మూసుకుపోయిన పిల్లలకు అవకాశం దొరుకుతుంది. అది మంచిదే. వాళ్ళలో కొందరు మొదటి ఏడాది సైన్సుల దగ్గరే ఆగిపోయి, పట్టా లేకుండా అప్పుతో ఇంటికి వెళ్తారు. అది మాత్రం మంచిది కాదు. బ్రోచర్ మీద రంగురంగుల ముఖాలు వేసే ప్రతి కళాశాలనూ నేను అడగమనేది ఇదే: చేరినవారి ఫోటో సరే, పూర్తి చేసి బయటికి వచ్చినవారి లెక్క ఏది? లైసెన్సు పరీక్షల్లో ఎంత శాతం మంది గట్టెక్కారో, ఎంత మంది కోర్సు పూర్తి చేశారో ప్రతి కళాశాలా బహిరంగంగా ప్రచురించాలి. లైసెన్సు పరీక్షల్లో 80 శాతం అన్నది గుర్తింపు మండలి పెట్టిన గీత. దానికి అంచుల్లో వేలాడే కళాశాలకు నేనైతే పంపను.

అప్పు విషయంలో నియమాలు మారాయి. 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తవారికి గ్రాడ్ ప్లస్ అనే సమాఖ్య ప్రభుత్వ విద్యారుణం లేదు. ప్రొఫెషనల్ డిగ్రీలకు ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2,00,000 వరకు సమాఖ్య రుణం ఇస్తారు. మిగతా గ్రాడ్యుయేట్ చదువులకు ఏడాదికి 20,500, మొత్తం 1,00,000. ఆ చట్టం ఆధారపడిన పాత నిర్వచనంలో ప్రొఫెషనల్ డిగ్రీల వరుసలో కైరోప్రాక్టిక్ పేరుంది, ఫిజికల్ థెరపీ పేరు లేదు. ఇది చూసి కొందరు కన్సల్టెంట్లు ‘కైరోప్రాక్టిక్‌కే రుణం సులువు’ అని ప్రచారం చేస్తారు. రుణం సులువుగా దొరకడం చదువుకు యోగ్యతాపత్రం కాదు. హీల్ అనే పాత సమాఖ్య రుణ పథకంలో బాకీ ఎగ్గొట్టినవారి జాబితాను ప్రభుత్వం బయటపెట్టేది. అందులో సగానికి పైగా కైరోప్రాక్టర్లే ఉన్న రోజులున్నాయి. వాళ్ళందరూ మోసగాళ్ళా? కాదు. ఆదాయానికి మించిన అప్పు చేసినవారు. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 2023 మే లెక్కల్లో కైరోప్రాక్టర్ల మధ్యస్థ వార్షిక ఆదాయం 76,530 డాలర్లు. రెండు లక్షల అప్పుకు ఎనిమిది శాతం వేసుకున్నా వడ్డీయే ఏడాదికి 16,000. పన్నులు, ఇంటి అద్దె, కారు మీరే వేసుకోండి.

ఈ వృత్తికి ఇప్పుడున్న వెలుగు మీదా నాకు అనుమానాలు ఉన్నాయి. మీ అమ్మాయి ఫోనులో మెడ ‘టక్’మని విరిచే వీడియోలు చూసి ఉంటుంది. లక్షల మంది చూస్తారు. ఆ శబ్దం కీలులో వాయువు బుడగ చేసేది, దాంతో జబ్బు పోయినట్టు కాదు. వీడియోలో కనిపించే ఆ ఒక్క నిమిషం తర్వాత ఇన్సూరెన్సు కాగితాలు, ఎక్స్‌రే చూడటం, ‘ఇది నా పని కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి’ అని చెప్పగలిగే విచక్షణ ఉంటాయి. మెడ మీద చేసే బలమైన విరుపు వల్ల అరుదుగా రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన ఉదంతాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. నేర్చుకునేవారికి ఆ సంగతి మొదటి రోజే తెలిసి ఉండాలి.

వృత్తిలోపల కూడా రెండు వర్గాలు ఉన్నాయి. ఒక వర్గం నడుము నొప్పి, మెడ నొప్పి, తలనొప్పుల లాంటి వాటికి పరిమితమై, ఆధారాలు చూసి పనిచేస్తుంది. నడుము నొప్పికి వెన్ను సర్దుబాటును మందులు లేని చికిత్సల్లో ఒకటిగా అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017 మార్గదర్శకాల్లో చేర్చింది. మాజీ సైనికుల ఆసుపత్రుల్లో కైరోప్రాక్టర్లు ఉద్యోగాలు చేస్తున్నారు, అక్కడ రెసిడెన్సీలూ ఉన్నాయి. రెండో వర్గం వెన్నుపూస ‘పక్కకు తప్పడమే’ సకల రోగాలకూ మూలమంటుంది. ఉబ్బసానికీ, పసిపిల్లల కడుపునొప్పికీ వెన్నే నొక్కుతుంది, ఏడాది ప్యాకేజీలు అమ్ముతుంది. మొదటి వర్గం మీద నాకు గౌరవం ఉంది. రెండో వర్గం కళాశాలలో చేరితే మీ అమ్మాయి పక్కన తెలుగువాళ్ళు పదిమంది ఉన్నా నేను వద్దనే చెబుతాను. క్యాంపస్‌లో ఒక పూట తిరిగితే తెలిసిపోతుంది: గోడల మీద స్థాపకుడి సూక్తులు ఎక్కువున్నాయా, పరిశోధన పోస్టర్లు ఎక్కువున్నాయా చూడమనండి. బోధనా క్లినిక్‌కు వచ్చే రోగులు ఎవరో చూడమనండి. విద్యార్థులే, వాళ్ళ చుట్టాలే రోగులైతే అక్కడ నేర్చుకునేది తక్కువ.

ఇక ఫిజికల్ థెరపీతో పోలిక. సాధారణంగా మూడేళ్ళ కోర్సు, సీటుకు పోటీ ఎక్కువ, అదే 2023 లెక్కల్లో మధ్యస్థ ఆదాయం 99,710 డాలర్లు, ఆసుపత్రుల్లో జీతం మీద ఉద్యోగాలు దండిగా ఉంటాయి. కైరోప్రాక్టిక్ పది ట్రైమెస్టర్లు, అంటే ఆగకుండా చదివితే మూడేళ్ళ పైచిలుకు. చాలామంది చివరికి సొంత క్లినిక్ పెట్టుకోవాలి, వ్యాపారం చేతకావాలి. వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్, కైరోప్రాక్టర్‌కు వెన్నెముక సర్దుబాటుకు మాత్రమే డబ్బు ఇస్తుంది, పరీక్షలకు, ఎక్స్‌రేలకు ఇవ్వదు. భారతదేశంలో ఈ వృత్తికి ప్రత్యేక లైసెన్సు చట్టం లేదు, తిరిగి వెళ్ళే ఆలోచన ఏ మూలనైనా ఉంటే అది గుర్తుంచుకోండి. అంకెలు చూస్తే ఫిజికల్ థెరపీయే నయం, దాచడం దేనికి? కానీ ఒకరి కింద పనిచేయలేని, మనుషులతో కలిసిపోయే, చేతితో పని ఇష్టమైన పిల్ల అయితే కైరోప్రాక్టిక్‌లో చక్కగా బతుకుతుంది. అలా బతుకుతున్న అమ్మాయిలను నేను ఎరుగుదును. మీ అమ్మాయి ఎలాంటిదో మీకు తెలుసు, నాకు తెలియదు. ఉత్తరంలో ఆమె మాట ఒక్కటీ లేదు.

ఇంకొక సంగతి ఆశ్చర్యం కలిగించింది. మీరుంటున్న ఓవర్‌ల్యాండ్ పార్క్‌లోనే క్లీవ్‌లాండ్ విశ్వవిద్యాలయం ఉంది, 1922 నుంచి నడుస్తున్న కైరోప్రాక్టిక్ సంస్థ. అదే మంచిదని నేను అనడం లేదు, పైన చెప్పిన ప్రశ్నలన్నీ దానికీ వర్తిస్తాయి. కానీ ఇంట్లో ఉండి చదివితే మూడేళ్ళ అద్దె, భోజనం ఖర్చు అప్పులోంచి తగ్గుతాయి. పక్క రాష్ట్రం దాకా వెళ్ళి చూసి వచ్చారే గానీ, దాన్ని ఎందుకు వదిలేశారో రాయలేదు. అమ్మాయి ఇల్లు వదిలి వెళ్ళాలనుకుంటోందా? అయితే అది కూడా తప్పు కాదు, కాకపోతే ఆ స్వేచ్ఛ ధర ఎంతో కాగితం మీద రాసుకుని వెళ్ళాలి.

సంబంధాల గురించి అడిగారు. కైరోప్రాక్టర్ అని చెప్పండి. అంతకు మించి ఏమీ చెప్పనక్కర్లేదు.

ఏ కళాశాలకూ డిపాజిట్ కట్టకముందు మీ అమ్మాయి రెండు పనులు చేయాలి. మీ చుట్టుపక్కల ఒక కైరోప్రాక్టర్ దగ్గర, ఒక ఫిజికల్ థెరపిస్ట్ దగ్గర కొన్ని రోజులపాటు కూర్చుని పని గమనించాలి, చాలామంది ఒప్పుకుంటారు. వీలైతే ఆ కైరోప్రాక్టర్ బయటికి వచ్చి ఐదేళ్ళలోపు మనిషి అయ్యుండాలి, ఇరవై ఏళ్ళ క్రితం స్థిరపడ్డవారు చెప్పే ఆదాయాలు ఇప్పటివారికి పనికిరావు. నెలకు అప్పు కింద ఎంత కడుతున్నారని సిగ్గుపడకుండా అడగాలి. తర్వాత తాను ఎంచుకున్న కళాశాలల పరీక్షా ఫలితాలు, పూర్తి చేసినవారి శాతం, మొత్తం ఖర్చు ఒక కాగితం మీద వేసి మీ ఇద్దరి ముందూ పెట్టాలి. ఆ కాగితం నాకు పంపండి. ఈసారి ఉత్తరం మీ అమ్మాయినే రాయమనండి.